నాలుగో చక్రం

మైనస్ పదహారు అని రేడియోలో చెప్పారు. గిల్‌జెకి రేడియో అక్కర్లేదు. పొద్దున్న వ్యాన్ వెనక తలుపు తీసి, రాత్రి ఆరేసిన గుడ్డ పట్టుకుంటే అది అప్పడంలా చేతికొచ్చింది. గుడ్డ అప్పడమైతే పదిహేనుకి కింద. వంచితే విరిగేలా ఉంటే ఇరవైకి దగ్గర. చున్‌చన్ నగరంలో పన్నెండేళ్లుగా కార్లున్న చోటికే వెళ్లి కడిగి వస్తున్నవాడికి ఇంతకంటే మంచి కొలత లేదు.

ఇలాంటి చలిలో ఆరుబయట కారు కడగడం తెలివితక్కువ పని. నీళ్లు అద్దం మీద పడీ పడగానే పొరగా బిగుస్తాయి. తలుపు అంచు రబ్బరులో ఒక్క చుక్క మిగిలినా తెల్లారేసరికి తలుపు రాదు. లాగితే రబ్బరు ఊడి చేతిలోకి వస్తుంది. అప్పుడు కారు ఓనరు ఫోన్ చేసి తిట్టేది చలిని కాదు, కడిగినవాణ్ణి. అందుకే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గిల్‌జె బతుకంతా ఒకే చోట, లేక్ రాయల్ ఫోరే పార్క్ అపార్టుమెంట్ల రెండో సెల్లార్‌లో. పైన ఎంత చలి ఉన్నా అక్కడ నీళ్లు నీళ్లలాగే ఉంటాయి.

లేక్ అంటే సరస్సు. అది ఏడో బిల్డింగు పన్నెండో అంతస్తు బాల్కనీలోంచి, అదీ మెడ చాపితే, కనిపిస్తుంది. రాయల్ అనదగ్గవాళ్లు ఎవరూ లేరు. ఫోరే అంటే ఏమిటో అక్కడ ఉన్న నాలుగు వందల కుటుంబాల్లో ఒక్కరికీ తెలియదు. అత్తగార్లు టాక్సీవాడికి అడ్రసు చెప్పలేక వెనక్కి తిరిగిపోవాలనే ఇలాంటి పేర్లు పెడతారని వాచ్‌మన్ నామ్‌గుంగ్ అంటాడు.

అక్కడ గిల్‌జెకి నెలవారీ కార్లు పదకొండు ఉన్నాయి. ఆ పదకొండు కార్లూ బయటికి నల్లగా, తెల్లగా, ముత్యంలా మెరుస్తాయి. తలుపు తీస్తే అసలు మనిషి బయటపడతాడు. సీట్ల సందుల్లో గోళ్ల ముక్కలు. కప్పు పెట్టే గుంటలో బూజు పట్టిన కాఫీ. వెనక సీటు కింద ఎప్పటిదో ఉడికించిన గుడ్డు, పెంకుతో సహా. ఇంటికి ఎవరైనా వస్తే గుమ్మంలోనే చెప్పులు విప్పించేవాళ్లు, కారులో మాత్రం కుక్కలకంటే హీనంగా బతుకుతారు.

లోపలి పని అతని భార్య కుమ్‌హిది. బయట అతను, లోపల ఆమె, అలా పదకొండేళ్లు చేశారు. పోయిన వసంతంలో ఆమె చనిపోయాక రెండూ అతనే చేస్తున్నాడు. "వీడూ ఒక మనిషేనా?" అని అతను గుడ్డు చూపిస్తే, "పిల్లలున్న ఇల్లు, ఊరుకోండి" అనేది. కాఫీ బూజు చూపిస్తే, "ఉద్యోగం పోయిందేమో పాపం" అనేది. ప్రతిదానికీ ఆమె దగ్గర ఒక పాపం ఉండేది. ఇప్పుడు ఎదురు చెప్పేవాళ్లు లేరు. అతని చిన్నచూపు దానంతటదే పెరుగుతూ పోయింది.

ఆ సోమవారం వ్యాన్ దిగగానే నామ్‌గుంగ్ ఎదురొచ్చాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, చేతిలో ఎప్పుడూ చీపురు ఉంటుంది.

"తమ్ముడూ, లిఫ్టులో కాగితం చూశావా?"

"నాకు లిఫ్టుతో పనేముంది అన్నా? నేను బతికేది కిందే కదా."

"అయితే ఇదిగో." ఫోన్లో ఫొటో తీసి ఉంచాడు.

ఆదివారం ఉదయం సెల్లార్ ర్యాంపు మొదట్లో గడ్డకట్టిన నీటిపై ఒక నివాసి జారిపడి చెయ్యి విరిగిందని, అది కారు కడిగిన నీరేనని భావిస్తున్నామని, బయటివారు సెల్లార్‌లో కార్లు కడగడాన్ని నిషేధించే విషయమై శుక్రవారం నాలుగింటికి ప్రతినిధుల సమావేశమని అందులో ఉంది. కింద సంతకం: నివాసుల సంఘం ఛైర్మన్, ప్యొ సాంగ్‌దాల్.

"భావిస్తున్నారట," అన్నాడు గిల్‌జె. "నేను ఒక్కో కారుకి వాడేది రెండు లీటర్లు. ఆవిరి మిషను. ఆ రెండు లీటర్లూ గుడ్డలే తాగుతాయి. పైగా శనివారం మూడింటికే వెళ్లిపోయాను. నా నీళ్లు రెండో సెల్లార్ నుంచి ఎగువకి పాక్కుంటూ పోయి ర్యాంపు నెత్తి మీద గడ్డకట్టాయా?"

"కాళ్లొచ్చి ఉంటాయి."

"ఆ మంచు కొట్టింది నువ్వే కదన్నా. ఎలా ఉంది?"

నామ్‌గుంగ్ అటూ ఇటూ చూశాడు. "తెల్లగా. బియ్యం కడిగిన నీళ్లలా."

"నా నీళ్లు అలా ఉంటాయా? మరి ఆ ముక్క వాళ్లకి చెప్పవేం?"

"నా కాంట్రాక్టు మూడు నెలలకోసారి రాస్తారు తమ్ముడూ. సంతకం పెట్టేదెవరో తెలుసుగా." ఆ మాట అనేసి, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

గురువారం ఛైర్మన్ స్వయంగా దిగి వచ్చాడు. హిమాలయాలు ఎక్కడానికి సరిపోయే కోటు వేసుకున్నాడు. ఆయన రోజూ ఎక్కే కొండ సెల్లార్ నుంచి తొమ్మిదో అంతస్తు, అదీ లిఫ్టులో. జిల్లా ఆఫీసులో చిన్న అధికారిగా రిటైరై ఏడేళ్లయినా, ఎదుటివాడి చేతిలో దరఖాస్తు ఉన్నట్టే మాట్లాడతాడు.

"తాక్ ఓనరూ, కష్టపడుతున్నారు."

తాక్ గిల్‌జె ఇంటిపేరు. పేరు పెట్టి పిలవడం ఇష్టంలేని ప్రతివాణ్ణీ ఇక్కడ ఓనరంటారు. అబద్ధమూ కాదు. ఒక వ్యాన్‌కి, ఒక ఆవిరి మిషన్‌కి, నలభై గుడ్డలకి గిల్‌జె ఓనరే.

"కాగితం చూశాను ఛైర్మన్ గారూ."

"దాని గురించే వచ్చాను. నేను మీ వైపే. కానీ పదిమందికి సమాధానం చెప్పాలి కదా. ఒక పని చేద్దాం. రేపటి మీటింగు ఇక్కడే, కిందే పెడతాను. అదిగో, నా కొత్త కారు ఉంది. దాన్ని కడగండి. అందరూ వచ్చి చూస్తారు. నేల మీద చుక్క లేకపోతే నేనే మీ తరఫున మాట్లాడతాను."

"సరే."

"ఇంకో చిన్న కాగితం ఉంది. ఆదివారం నాటి నీళ్లు మీవేనని, ఇకపై జాగ్రత్తగా ఉంటారని. సంతకం పెడితే చాలు. ఊరికే లాంఛనం."

"నీళ్లు నావి కావు కదండీ."

"లాంఛనం అన్నాను కదా! లాంఛనానికి నిజంతో పనేమిటి? ఓక్‌బున్ అవ్వ చెయ్యి విరగ్గొట్టుకుని కూర్చుంది. ఎవరో ఒకరు తప్పయిందని అనాలి. ఆ ఒక్కరు మీరైతే అందరికీ బాగుంటుంది. ఆలోచించుకోండి. ఇంకా జనవరే కదా."

ఇంకా జనవరే. ఆ మాట చాలు, ఇంకేమీ అనక్కర్లేదు. ఈ సెల్లార్ పోతే మార్చి దాకా పని లేదు. వేరే అపార్టుమెంట్ల సెల్లార్లన్నీ అప్పటికే ఎవరో ఒకరివి.

శుక్రవారం ఒంటిగంటకి గిల్‌జె కారు మీది బూడిదరంగు ముసుగు తీశాడు. నల్లటి పెద్ద కారు. శనివారం షోరూం నుంచి వచ్చింది, అప్పటి నుంచి ముసుగు కిందే ఉంది. తిరిగిన దూరం ముప్పై ఒక్క కిలోమీటర్లు. కడగడానికి అందులో ఏముందని? ఆవిరి పట్టి, ఎనిమిది మడతలు వేసిన గుడ్డతో పైకప్పు నుంచి కిందికి వచ్చాడు. ఒక్కో మడత ఒకసారి మాత్రమే కారుని తాకాలి, మురికి తిరిగి రంగు మీదికి పోకూడదు. అద్దాలు, తలుపులు, బానెట్ అయ్యాయి. చక్రం దగ్గర కూర్చున్నాడు.

రిమ్ము మీద తెల్లటి చారలు ఉన్నాయి. ముందు రోడ్డు ఉప్పు అనుకున్నాడు. చలికాలంలో మంచు కరగడానికి చల్లే ఉప్పు ప్రతి కారునీ తెల్లగా చేస్తుంది. కానీ ఉప్పు గోరుకి గరగరమంటుంది. ఇది పొట్టులా రేకులు రేకులుగా లేచింది. వేడి గుడ్డ అద్దితే జిగురైంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పులిసిన వాసన.

మక్కొల్లి. బియ్యపు కల్లు.

లేచి రెండో చక్రం చూశాడు. మూడోది, నాలుగోది. నాలుగింటికీ సమానంగా ఉంది. పొరపాటున ఒలికిన కల్లు నాలుగు చక్రాల మీదా సమానంగా పడదు. డిక్కీ తీశాడు. మూలలో ఎండు చేప ఉంది, తెల్లదారం చుట్టి. కొత్త బండికి పూజ చేసినవాళ్లు ఆ చేపని బండిలోనే ఉంచుతారు. దీనికి కొట్టువాడి ధర చీటీ కూడా తీయలేదు. డిక్కీలో పరిచిన తివాచీ మీద ఎర్ర చిక్కుడు గింజల పొడి ఉంది, పూజ కుడుములది.

ఇక అడగాల్సిందేమీ లేదు. సెల్లార్‌లో ఏమీ పారబోయకూడదని రూలు పెట్టింది ఛైర్మనే. పైన ఆవరణంతా మంచు. అందుకని శనివారం సాయంత్రం ర్యాంపు మొదట్లో, కప్పు కింద కారు ఆపి పూజ చేశాడు. చక్రాల మీద కల్లు పోశాడు. మామూలుగా తలో చెంబు పోస్తారు. ఈయన బండి పెద్దది కాబట్టి సీసాలకి సీసాలు పోసి ఉంటాడు. అది రాత్రికి రాత్రి బిగుసుకుంది. తెల్లగా, బియ్యం కడిగిన నీళ్లలా.

కారు కడిగితే ఈ సాక్ష్యం పోతుంది. అందుకే కడగమన్నాడా? ఛైర్మన్‌కి అంత తెలివి ఉందని గిల్‌జె నమ్మలేదు. ఉచితంగా కారు కడిగించుకోవడం ఒక్కటే ఆయన ఆలోచన అయి ఉంటుంది. మనుషుల్లో కుట్ర కంటే పిసినారితనమే ఎక్కువని పన్నెండేళ్లలో చాలా డిక్కీలు చూసి నేర్చుకున్నాడు.

మూడు చక్రాలు అద్దంలా కడిగాడు. నడిచే దారి వైపు ఉన్న కుడి వెనక చక్రాన్ని వదిలేశాడు.

నాలుగింటికి ఆరుగురు ప్రతినిధులు దిగారు. వాళ్లలో ఒకావిడ చంకలో కుక్కపిల్ల ఉంది. దానికి గిల్‌జె కోటు కంటే మందమైన కోటు తొడిగారు. ఇంకొకాయన ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. వాళ్ల వెనక ఓక్‌బున్ అవ్వ వచ్చింది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, కుడి మణికట్టుకి కట్టు. ఆమె ప్రతినిధి కాదు. చెయ్యి చూపించడానికి పిలిపించారు.

ఛైర్మన్ జేబులోంచి తెల్లటి కాగితపు రుమాలు తీసి, వంగి, కారు కింద నేల తుడిచి పైకెత్తి చూపించాడు.

"చూశారా! పొడిగా ఉంది. ఒక్క చుక్క లేదు."

చప్పట్లు కొట్టారు. గిల్‌జె చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"అయ్యో, ఈ చక్రం మరచిపోయారే," అన్నాడు ఫోన్ ఆయన. చివరికి ఆయనకే కనిపించింది.

"మరచిపోలేదండీ. అది ఛైర్మన్ గారు కడుక్కుంటే బాగుంటుందని వదిలాను."

"ఏమిటా మాట?" అన్నాడు ఛైర్మన్.

"పూజ చేసిన బండి కదండీ. మొక్కి పోసిన కల్లు మీద నాబోటివాడు చెయ్యి వేయొచ్చా?"

"కల్లేమిటి? అది రోడ్డు ఉప్పు."

"బండి వచ్చి ఆరు రోజులు, తిరిగింది ముప్పై ఒక్క కిలోమీటర్లు. శనివారం నుంచి ముసుగులోనే ఉంది. ఉప్పు దానంతటది నడిచొచ్చిందా? నా నీళ్లు ర్యాంపు ఎక్కినట్టు?" గిల్‌జె అందరి వైపూ తిరిగాడు. "నా మాట ఎందుకు, వాసన చూడండి. కాస్త వంగాలి, అంతే."

ఎవరూ వంగలేదు.

అతను ఎదురుచూశాడు. ఇప్పుడు ఎవరైనా నోరు తెరవాలి, ఛైర్మన్ వైపు చూడాలి, ఔనా అనాలి. మధ్యాహ్నం నుంచి ఈ క్షణాన్ని మనసులో రుద్ది రుద్ది పెట్టుకున్నాడు. ఒక్క ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. భోజనాల దగ్గర ఎవరో అనకూడని మాట అన్నప్పుడు ఉండే ఇబ్బంది మాత్రం ఉంది.

కుక్కపిల్ల ఆవిడ దాని కోటు సర్దుతూ, మెల్లగా, "కుడుములు మాత్రం బాగున్నాయి," అంది.

"ఏ కుడుములు?"

"శనివారం వాళ్లావిడ ఇంటింటికీ ఇచ్చింది కదా. ఎర్ర గింజలవి."

ఇంటింటికీ ఒక పళ్లెం. బండి పూజ కుడుములని చెప్పే ఇచ్చింది. అందరూ తిన్నారు. మర్నాడు పొద్దున్న ర్యాంపు మీద తెల్లటి మంచు చూశారు. లిఫ్టులో కాగితం చదివారు. ఐదు రోజుల పాటు దాని పక్కనే నిలబడి తొమ్మిదో అంతస్తుకి, పదో అంతస్తుకి ఎక్కారు, దిగారు.

"అంటే మీ అందరికీ తెలుసు," అన్నాడు గిల్‌జె.

"తెలియడం, తెలియకపోవడం అని కాదు ఓనరు గారూ," అన్నాడు ఫోన్ ఆయన. "ఇలాంటివి పైకి అంటే వాతావరణం పాడవుతుంది."

ఓక్‌బున్ అవ్వ ఉన్నట్టుండి కిసుక్కున నవ్వింది. "పూజలో పెట్టాల్సిన పంది తల కూడా కాదు నాయనా. పిల్లలు చిల్లర వేసుకునే ప్లాస్టిక్ పంది! దాన్ని ముందు పెట్టుకుని మూడుసార్లు సాష్టాంగపడ్డాడు. నేను మెట్ల కిటికీలోంచి చూశాను."

ఆరుగురూ పైకప్పుకి వేలాడే పైపుల వైపు చూశారు.

"ప్లాస్టిక్ అయినా మొక్కు మొక్కే అవ్వా," అన్నాడు ఛైర్మన్. చెవులు ఎర్రబడ్డాయి.

"అవ్వా, మీకు మొదటే తెలుసా?"

"నా కోటు వాసన చూసుకున్నాను. ఈ వయసొచ్చాక కల్లు వాసన ఒకరు చెప్పాలా?"

"మరి నోరు విప్పలేదేం?"

"పూజ కల్లు మీద జారి మనిషి చెయ్యి విరిగిందంటే, ఆ బండి ఇక ఎవరికి పనికొస్తుంది? వాళ్లావిడ వచ్చి నా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. పక్కింటి మనిషి."

"నా పేరు పెట్టడం తేలికైంది."

"నువ్వు ఇక్కడ ఉండవు కదా నాయనా," అంది అవ్వ. టైమెంత అని అడిగితే చెప్పినట్టు చెప్పింది. "అయినా నువ్వూ తిన్నావుగా. నాది తినలేక నామ్‌గుంగ్‌కి ఇచ్చాను. సోమవారం నీకు ముక్క పెట్టానని చెప్పాడు."

పెట్టాడు. కాగితంలో చుట్టిన చల్లటి ముక్క. వ్యాన్‌లో కూర్చుని తిన్నాడు. ఏ ఇంటి కుడుమని అడగలేదు. ఆకలిగా ఉంది, తిన్నాడు.

ఛైర్మన్ గొంతు సవరించుకుని కోటు లోపలి జేబులోంచి కాగితం తీశాడు. "ఈ చర్చంతా దేనికి? తాక్ ఓనరు సంతకం పెడితే ఓటు వేసేద్దాం."

"పెట్టను," అన్నాడు గిల్‌జె.

"సెల్లార్ వద్దా?"

"కావాలి. సంతకం పెట్టను."

కుక్కపిల్ల ఆవిడకి మొదటిసారి నిజమైన కంగారు పుట్టింది. "మరి మా కారు ఎవరు కడుగుతారు? దీనికి ప్రయాణం పడదు, సీటంతా వాంతి చేసింది."

"ఇంకొకర్ని పిలవొచ్చు," అన్నారెవరో.

"ఈ చలిలో ఎవడొస్తాడు?"

"కాగితంలో ఎవరో ఒకరి పేరు ఉండాలి," అన్నాడు ఛైర్మన్ పట్టుదలగా. "కారణం రాయకుండా ఫైలు మూయలేం."

"నా చెప్పులు రాయండి," అంది అవ్వ.

"ఏమిటి?"

"చెప్పులు అరిగిపోయాయి, అందుకని జారాను. అలా రాయండి. అందరికీ సరిపోతుందా?"

సరిపోయింది. అద్భుతంగా సరిపోయింది. ఛైర్మన్ కారు బానెట్ మీద కాగితం పెట్టి, పాత వాక్యాలు కొట్టేసి, నివాసి పాదరక్షలు అరిగి ఉన్నందున అని రాశాడు. పెద్దవాళ్ల మనసు పెద్దవాళ్లదే అన్నాడు ఫోన్ ఆయన. అవ్వ ఎడమచేత్తో వంకరగా సంతకం పెట్టింది. కారు కడగడం కొనసాగించవచ్చని ఆరు చేతులూ లేచాయి.

గిల్‌జె అవ్వ కాళ్ల వైపు చూశాడు. లోపల బొచ్చు, కింద మందమైన రబ్బరు అడుగు ఉన్న చెప్పులు. కొత్తవి. అవి అక్కడ అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి.

సెల్లార్ దక్కింది. ఊపిరి పీల్చుకోవాలి. కానీ అసహ్యం పుట్టింది. ఛైర్మన్ మీద, ఆ ఆరు చేతుల మీద, అందరికంటే ఎక్కువగా అవ్వ మీద. విరిగిన చెయ్యి ఆమెది, అబద్ధమూ ఆమెదే, ఆమె ముఖంలో మాత్రం కూరగాయల బేరం కుదిరినంత నిశ్చింత. కుమ్‌హి ఉంటే ఇక్కడ ఏదో ఒకటి అనేది. ఏమనేదో అతనికి ఎంత వెతికినా దొరకలేదు.

"తాక్ ఓనరూ," అన్నాడు ఛైర్మన్. గొంతులో మళ్లీ పాత మర్యాద వచ్చేసింది. "మరి ఆ చక్రం కూడా..."

కుక్కపిల్ల ఆవిడ పక్కకి వచ్చి నిలబడింది. "ఇది అయ్యాక మాది చూస్తారా? లేకపోతే రేపు పొద్దున్న?"

"మాది సోమవారం రాసుకోండి," అన్నాడు ఫోన్ ఆయన.

కడగనని అనొచ్చు. గుడ్డలు వ్యాన్‌లో పడేసి ర్యాంపు ఎక్కి వెళ్లిపోవచ్చు. పైన మైనస్ పదహారు, మార్చికి ఇంకా ఏడు వారాలు.

"రేపు పొద్దున్న," అన్నాడు. "సోమవారం. అలాగే."

కొత్త గుడ్డ ఎనిమిది మడతలు వేశాడు. వేడినీళ్లలో ముంచి, పిండి, కుడి వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు. గుడ్డ తగలగానే తెల్లటి పొర మెత్తబడింది. ఆవిరితో పాటు పులిసిన కల్లు వాసన గుప్పున లేచింది. కదలని గాలిలో అది కారు చుట్టూ పరుచుకుని, లిఫ్టు కోసం నిలబడ్డవాళ్ల దాకా వెళ్లింది. కుక్కపిల్ల ముక్కు ఎగబీల్చింది. మనుషుల్లో ఒక్కరూ తల తిప్పలేదు. గిల్‌జె కూడా తల ఎత్తలేదు, గుడ్డ మడత మార్చి రుద్దాడు.